సదర్‌ను తొలగించే అధికారం ఎవరిది?

(ధర్మపురిలో జరిగిన రాజ్యాంగ అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



2025 ఏప్రిల్ 5వ తేదీన వక్ఫ్ సవరణ బిల్లుపై రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు సంతకం చేశారు. అంతకుముందు కొన్ని రోజులుగా దేశమంతటి నుండి ముస్లిం సంస్థలు, ప్రజాస్వామ్యవాదులు ఆ సంతకం చేయవద్దని రాష్ట్రపతి భవన్‌కు విన్నపాలు పంపుతూనే ఉన్నారు. సంతకం పడిన తరువాత మన యువకుల నోట ఒక ప్రశ్న తరచుగా వినిపించింది. రాజ్యాంగం ఇచ్చిన మత స్వేచ్ఛకు విరుద్ధమైన చట్టంపై సంతకం చేసిన రాష్ట్రపతిని తొలగించే మార్గం లేదా? అభిశంసన అనే పదం రాజ్యాంగంలో ఉన్నదని విన్నాము, అది ఎందుకు పనికి వస్తుంది? ఆవేశంలో అడిగినదే అయినా ఇది చాలా మంచి ప్రశ్న. ఈ రోజు ప్రసంగాన్ని దానికే కేటాయిస్తున్నాను.

ఉర్దూలో రాష్ట్రపతిని సదర్-ఎ-జమ్హూరియా అంటారు. మన మస్జిదు కమిటీ అధ్యక్షుడినీ సదర్ అనే పిలుస్తాము. ఢిల్లీలోని సదర్‌ను దించడానికి ఏం చేయాలో తెలుసుకుంటే, మన వీధి చివర ఉన్న సదర్‌ను ప్రశ్నించే పద్ధతి కూడా కొంత తెలుస్తుంది. ఆ సంగతికి చివరలో వస్తాను.

రాజ్యాంగంలో 60వ అధికరణ రాష్ట్రపతి చేయవలసిన ప్రమాణాన్ని చెబుతుంది. రాజ్యాంగాన్ని కాపాడతాను, రక్షిస్తాను అన్నది ఆ ప్రమాణ సారాంశం. వెంటనే 61వ అధికరణ వస్తుంది. మాట తప్పితే ఏం జరగాలో అది చెబుతుంది. ఈ రెండూ పక్కపక్కనే ఉండటం నాకు ఎంతో అర్థవంతంగా కనిపిస్తుంది. ప్రమాణం చేయించిన రాజ్యాంగమే జవాబు చెప్పే రోజును కూడా పక్క పుటలో రాసి పెట్టింది.

పద్ధతి ఇది. పార్లమెంటులోని ఏ సభ అయినా రాష్ట్రపతిపై ఆరోపణ చేయవచ్చు. అందుకు ఆ సభ మొత్తం సభ్యులలో నాలుగో వంతుకు తగ్గకుండా సంతకాలు చేసి, కనీసం 14 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. తరువాత ఆ తీర్మానాన్ని సభ మొత్తం సభ్యులలో మూడింట రెండు వంతుల మంది ఆమోదించాలి. అప్పుడు రెండవ సభ ఆ ఆరోపణపై విచారణ జరుపుతుంది, లేదా జరిపిస్తుంది. ఆ విచారణలో స్వయంగా హాజరయ్యే హక్కు, న్యాయవాదిని పెట్టుకొనే హక్కు రాష్ట్రపతికి ఉంటాయి. ఆరోపణ రుజువైందని ఆ రెండవ సభ కూడా మొత్తం సభ్యులలో మూడింట రెండు వంతుల మెజారిటీతో తీర్మానిస్తే, తీర్మానం చేసిన రోజు నుండే రాష్ట్రపతి పదవి పోతుంది. జైలుశిక్ష, జరిమానా వంటివి అందులో లేవు.

"మొత్తం సభ్యులలో" అన్న మాటను కొంచెం గట్టిగా పట్టుకోండి. రాజ్యాంగ సవరణకు కావలసింది సభకు హాజరై ఓటు వేసిన వారిలో మూడింట రెండు వంతులు, దానితో పాటు మొత్తం సభ్యులలో సగానికి మించిన మద్దతు. రాష్ట్రపతి విషయంలో ఆ వెసులుబాటు లేదు. ఆ రోజు సభకు రాని సభ్యుడు, వచ్చి కూడా ఓటు వేయని సభ్యుడు, ఇద్దరూ ఆచరణలో రాష్ట్రపతి పక్షాన ఉన్నట్లే. లోక్‌సభలో 543 స్థానాలకు 136 సంతకాలు, 362 ఓట్లు కావాలి. రాజ్యసభలో 245 స్థానాలకు 62 సంతకాలు, 164 ఓట్లు కావాలి. రాజ్యాంగాన్ని మార్చడం కంటే రాజ్యాంగాన్ని ఉల్లంఘించిన వ్యక్తిని తొలగించడమే కష్టమన్నమాట! వక్ఫ్ బిల్లుకు లోక్‌సభలో వ్యతిరేకంగా పడినవి 232 ఓట్లు, అనుకూలంగా 288. రాజ్యసభలో వ్యతిరేకంగా 95, అనుకూలంగా 128. నోటీసుపై సంతకాలకు ఆ బలం రెండు సభల్లోనూ సరిపోతుంది, తీర్మానానికి ఏ సభలోనూ చాలదు. లెక్క అక్కడే తేలిపోతుంది.

ఇందులో మరొక విచిత్రం ఉంది. రాష్ట్రపతిని ఎన్నుకొనేవారు వేరు, తొలగించేవారు వేరు. ఎన్నికలో పార్లమెంటు ఉభయ సభల ఎన్నికైన సభ్యులతో పాటు రాష్ట్రాల శాసనసభ్యులు కూడా ఓటు వేస్తారు. మన ధర్మపురి శాసనసభ్యుడి ఓటు విలువ 132. 1971 జనాభా లెక్కను 119 స్థానాలకు పంచి, వేయితో భాగిస్తే వచ్చే సంఖ్య అది. కాని అభిశంసన సమయంలో ఆయనకు ఏ పాత్రా లేదు. మన పక్షాన అక్కడ ఉండేది పెద్దపల్లి పార్లమెంటు సభ్యుడు, తెలంగాణ నుండి వెళ్లిన రాజ్యసభ సభ్యులు మాత్రమే. మరోవైపు, రాష్ట్రపతి ఎన్నికలో ఓటు లేని 12 మంది నామినేటెడ్ రాజ్యసభ సభ్యులకు అభిశంసనలో ఓటు ఉంది. ఎన్నుకోని వారికి తొలగించే అధికారం ఇచ్చి, ఎన్నుకున్న వారికి ఇవ్వకపోవడం న్యాయమా అని అడిగేవారున్నారు. నాకైతే ఇది లోపంగానే తోస్తుంది. సమాఖ్య వ్యవస్థలో రాష్ట్రాల గొంతు రాష్ట్రపతి రాకలో వినిపించి, పోకలో వినిపించకపోవడం సమంజసం కాదు.

ఇక కారణం సంగతి. అమెరికా రాజ్యాంగం దేశద్రోహం, లంచం, ఇతర తీవ్ర నేరాలు అని చెప్పింది. మన రాజ్యాంగం ఒక్కటే చెప్పింది: రాజ్యాంగ ఉల్లంఘన. దాని అర్థాన్ని ఎక్కడా వివరించలేదు. అయితే 74వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకే పని చేయాలి. 1976లో 42వ సవరణ దీన్ని నిర్బంధం చేసింది. 1978లో 44వ సవరణ ఒక చిన్న కిటికీ తెరిచింది: ఒకసారి పునఃపరిశీలనకు పంపవచ్చు, మళ్లీ అదే సలహా వస్తే పాటించాలి. బిల్లుల విషయంలో 111వ అధికరణదీ ఇంచుమించు ఇదే దారి. కాబట్టి ఉభయ సభలు ఆమోదించిన బిల్లుపై సంతకం చేయడాన్ని రాజ్యాంగ ఉల్లంఘన అనడానికి వీలులేదు. ఆ బిల్లు ఎంత అన్యాయమైనదైనా సరే. ఇది మనకు చేదుగా ఉండవచ్చు. కాని సలహాను తోసిపుచ్చి తన ఇష్టం వచ్చినట్లు నడిచే రాష్ట్రపతి ఒకరు వస్తే, ఆయన ఎప్పుడూ మనకు నచ్చిన దిశలోనే నడుస్తారన్న హామీ ఎవరిస్తారు?

ఇప్పటివరకు మన దేశంలో ఏ రాష్ట్రపతిపైనా 61వ అధికరణ కింద అభిశంసన జరగలేదు. అయితే ఆ మాట గట్టిగా వినిపించిన సందర్భం ఒకటుంది. అందులో ఉన్న వ్యక్తి తెలుగువాడే.

నీలం సంజీవరెడ్డి గారు అనంతపురం జిల్లా ఇల్లూరు వాస్తవ్యులు, 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి. 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేసి, మరో తెలుగువాడైన వి.వి. గిరి గారి చేతిలో ఓడిపోయారు. 1977లో పోటీ లేకుండా ఎన్నికయ్యారు. రెండేళ్లు తిరిగేసరికి 1979 జూలైలో మొరార్జీ దేశాయి ప్రభుత్వం కూలిపోయింది. చరణ్ సింగ్ గారు ప్రధానిగా ప్రమాణం చేశారు. ఆగస్టు 20న లోక్‌సభలో బలం నిరూపించుకోవలసి ఉండగా, ఇందిరాగాంధీ వర్గం మద్దతు ఉపసంహరించుకున్నది. చరణ్ సింగ్ సభ ముఖం చూడకుండానే రాజీనామా చేసి, లోక్‌సభను రద్దు చేయవలసిందిగా సలహా ఇచ్చారు. జనతా పార్టీ నాయకుడు జగ్జీవన్ రామ్ గారు తమకు ప్రభుత్వం ఏర్పాటు చేసే అవకాశం ఇవ్వాలని కోరారు. సంజీవరెడ్డి గారు ఆయనతోనూ, చంద్రశేఖర్ గారితోనూ మాట్లాడారు. స్థిరమైన ప్రభుత్వం సాధ్యం కాదని భావించి ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేశారు.

జనతా పార్టీ మండిపడింది. రాష్ట్రపతిని అభిశంసిస్తామని ఆ పార్టీ వారు హెచ్చరించారు.

ఆ కోపానికి కారణం లేకపోలేదు. ఒక్క రోజు కూడా సభ విశ్వాసం పొందని ప్రధాని ఇచ్చిన సలహాకు విలువ ఎంత? ఒక దళిత నాయకుడు ప్రధాని పీఠానికి అంత దగ్గరగా వచ్చిన సందర్భం అంతకుముందు లేదు. ఆ తలుపు రాష్ట్రపతి భవన్‌లోనే మూసుకున్నది. 2009 నుండి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంగా ఉన్న ఈ ధర్మపురిలో ఆ బాధను ప్రత్యేకంగా వివరించనవసరం లేదు. అయినా అభిశంసన ఎందుకు ముందుకు సాగలేదు? సంఖ్యాబలం లేదన్నది ఒక జవాబు. దానికంటే నన్ను ఆలోచింపజేసేది మరొకటుంది. ఆరోపణ చేయడానికి ఒక సభ, విచారించడానికి మరొక సభ ఉండాలి. లోక్‌సభ రద్దయిపోయింది. రాజ్యసభ ఒంటరిగా ఆరోపణ చేసినా దానిని విచారించే సభ దేశంలో లేదు. ఏ చర్యపై ఫిర్యాదు చేయాలనుకున్నారో, ఆ చర్యే ఫిర్యాదు వినవలసిన చోటును లేకుండా చేసింది. 61వ అధికరణలో ఇంత పెద్ద ఖాళీ ఉందని చాలామంది న్యాయవాదులు కూడా గమనించరు.

సంజీవరెడ్డి గారు చేసింది రాజ్యాంగ ఉల్లంఘన అని నేను అనుకోను. జగ్జీవన్ రామ్ గారికి సభలో బలం చూపే అవకాశం ఇచ్చి ఉండవలసింది. ఇవ్వకపోవడం తప్పుడు అంచనా. అంచనా తప్పినందుకు ఎన్నికల్లో తీర్పు ఉంటుంది, పత్రికల్లో విమర్శ ఉంటుంది. ప్రమాణాన్ని తెలిసి తెలిసి తొక్కినప్పుడే అభిశంసన. ఈ తేడాను మనం పాటించకపోతే రేపు మనకు నచ్చిన వ్యక్తిపై ఇతరులు కూడా పాటించరు.

గిరి గారి పేరు వచ్చింది కనుక, మరొక అపోహను తొలగించాలి. ఎన్నిక చెల్లదని సవాలు చేయడం, పదవిలో చేసిన తప్పుకు తొలగించడం, ఈ రెండూ వేరు. 1969 రాష్ట్రపతి ఎన్నిక సమయంలో సంజీవరెడ్డి గారిని కించపరిచే కరపత్రం పంచారని, గిరి గారి ఎన్నికను రద్దు చేయాలని సుప్రీంకోర్టులో పిటిషన్లు వేశారు. రాష్ట్రపతి ఎన్నిక వివాదాలను 71వ అధికరణ కింద సుప్రీంకోర్టే తేల్చాలి. గిరి గారు పదవిలో ఉండగానే స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో పిటిషన్లు వీగిపోయాయి. దేశ ప్రథమ పౌరుడు సాక్షిగా నిలబడటం వల్ల పదవి గౌరవం పెరిగిందే గాని తగ్గలేదని నా ఉద్దేశం.

ఎన్నిక వివాదం అంటే ఏమిటో మీకు నేను చెప్పవలసిన పనిలేదు. 2018 శాసనసభ ఎన్నికలో ధర్మపురి ఫలితం 441 ఓట్ల తేడాతో తేలింది, ఓడిన అభ్యర్థి హైకోర్టుకు వెళ్లారు. 2023 ఏప్రిల్‌లో పత్రాల కోసం స్ట్రాంగ్‌రూమ్ తెరవబోతే తాళం చెవులు దొరకని ముచ్చట రాష్ట్రమంతా చెప్పుకున్నది. ఐదేళ్ల పదవికి సంబంధించిన తగాదా ఐదో ఏటికి కూడా తాళం చెవుల దగ్గరే ఉంటే, హక్కు కాగితం మీద ఉండి ఏం లాభమని మీరే అనుకున్నారు గదా.

మన సముదాయానికి దగ్గరి విషయం ఒకటి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకం చేసిన రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు. మంత్రిమండలి సమావేశం కాలేదు. ప్రధానమంత్రి ఒక్కరి సలహాపై రాత్రివేళ సంతకం పడింది. మంత్రులకు తెలిసింది, వారు ఆమోదించింది మరునాడు ఉదయం. 74వ అధికరణ మంత్రిమండలి సలహా అంటున్నది గదా, మంత్రిమండలి లేకుండా ప్రధాని ఒక్కరి మాట దానికి సమానమవుతుందా? మన దేశ చరిత్రలో రాజ్యాంగ ఉల్లంఘన అన్న ఆరోపణకు ఎక్కువ బలమున్న సంతకం ఏదని నన్నడిగితే దీన్నే చూపిస్తాను. కాని ఆరోపణ చేయవలసిన ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉన్నారు. 1977 ఫిబ్రవరి 11న ఆయన పదవిలోనే మరణించారు. తరువాత వచ్చిన 44వ సవరణ, కేంద్ర మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా అందితేనే ఎమర్జెన్సీ ప్రకటించాలని 352వ అధికరణలో చేర్చింది. ఒక వ్యక్తిని శిక్షించలేకపోయిన వ్యవస్థ కనీసం ఆ తలుపుకు గడియ బిగించింది.

ఆ కాలంలో 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మన్ గేటు దగ్గర పేద ముస్లింల ఇళ్లు కూలాయి, తూటాలు పేలాయి. రాష్ట్రపతి భవన్‌లో ఒక ముస్లిం ఉన్నారన్న సంగతి ఆ ఇళ్లను కాపాడలేదు. మనవాడు పెద్ద కుర్చీలో కూర్చుంటే చాలు అనుకొనే అలవాటు మనలో ఇంకా ఉంది. హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుస్సేన్ గారు ఆ పీఠాన్ని అలంకరించినందుకు గర్వపడదాం, అది సహజం. కాని అవధి దాటిన సంతకాన్ని ఎవరు చేశారన్నది కాదు, దాన్ని ప్రశ్నించే దారి తెరిచి ఉందా అన్నదే మనం అడగవలసింది.

అబ్దుల్ కలాం గారి కాలంలో ఆ దారి కొంత తెరుచుకున్నది. 2005 మేలో ఆయన మాస్కోలో ఉండగా బీహార్ శాసనసభ రద్దు ప్రకటనపై సంతకం చేశారు. 2006 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ప్రకటన రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. తప్పు నివేదిక పంపిన గవర్నర్‌ను విమర్శించింది, ఆయన రాజీనామా చేశారు. రాజీనామా ఆలోచన తనకూ వచ్చిందని కలాం గారు తరువాత తన పుస్తకంలో రాసుకున్నారు. అభిశంసన అవసరం రాలేదు, న్యాయసమీక్షే పని చేసింది. అంతకుముందు కె.ఆర్. నారాయణన్ గారు 1997లో ఉత్తరప్రదేశ్ విషయంలోనూ, 1998లో బీహార్ విషయంలోనూ రాష్ట్రపతి పాలన సిఫారసును మంత్రివర్గానికి తిప్పి పంపారు. ఆ చిన్న కిటికీని వాడుకొంటే ఎంత పని జరుగుతుందో ఆయన చూపించారు. వక్ఫ్ బిల్లు విషయంలో ఆ కిటికీ తెరుచుకోలేదు. ఆ ఫిర్యాదు చేయడానికి మనకు పూర్తి అర్హత ఉంది, దాన్ని అభిశంసన అన్న పేరుతో చేయనవసరం లేదు.

రాష్ట్రపతికి ఇంత పకడ్బందీ ప్రక్రియ ఉంటే, గవర్నర్‌కు అసలు అభిశంసనే లేదు. 156వ అధికరణ ప్రకారం రాష్ట్రపతికి ఇష్టమున్నంత కాలం, అంటే కేంద్ర ప్రభుత్వానికి ఇష్టమున్నంత కాలం ఆయన ఉంటారు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్, శాసనసభలో మెజారిటీ ఉన్న ఎన్.టి. రామారావు గారిని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు గారిని గద్దెనెక్కించారు. చట్టం చూస్తే తెలుగు ప్రజల చేతిలో ఏ ఆయుధమూ లేదు. రామారావు గారు అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకొని వచ్చిన మనిషి, అయినా శాసనసభ్యులను వెంటబెట్టుకొని రాష్ట్రపతి జైల్ సింగ్ గారి ముందు నిలబడ్డారు. ఊరూరా బంద్‌లు, సభలు జరిగాయి. ఆ నెలాఖరుకే రాంలాల్ పోయి శంకర్ దయాళ్ శర్మ గారు గవర్నర్‌గా వచ్చారు. సెప్టెంబరు 16న రామారావు గారు మళ్లీ ప్రమాణం చేశారు. మధ్యలో ఆ నెల రోజుల అడ్డగోలు పాలనలో హైదరాబాదు పాతబస్తీ మతకలహాలతో, కర్ఫ్యూతో తల్లడిల్లింది. పైన కుర్చీల కోసం పెనుగులాట జరిగినప్పుడు కింద ఎవరి దుకాణాలు మూతపడతాయో ఆ రోజుల నాటి పెద్దలను అడిగి తెలుసుకోండి.

వక్ఫ్ బిల్లుపై సంతకం పడటానికి ముందు రోజు, అంటే 2025 ఏప్రిల్ 4న, దక్షిణ కొరియా రాజ్యాంగ న్యాయస్థానం ఆ దేశాధ్యక్షుడు యూన్ సుక్ యోల్‌ను పదవి నుండి తొలగించింది. 2024 డిసెంబరు 3 రాత్రి ఆయన సైనిక పాలన ప్రకటించగా, శాసనసభ్యులు ఆ రాత్రే సభకు చేరి దానిని రద్దు చేయించారు. పదిరోజులు గడవగానే 300 మందిలో 204 మంది అభిశంసనకు ఓటు వేశారు. ఎనిమిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. ఆ దృశ్యాలు చూసి మన పిల్లలు ఇక్కడ కూడా అలా జరగాలని కోరుకున్నారు. కాని అక్కడ అధ్యక్షుడే ప్రభుత్వం. ఇక్కడ ప్రభుత్వం ప్రధానమంత్రిది, ఆయనను దించడానికి లోక్‌సభలో అవిశ్వాస తీర్మానం చాలు, నేరం రుజువు చేయనవసరమే లేదు, సాధారణ మెజారిటీ ఉంటే సరిపోతుంది. మనం కోపాన్ని ఏ చిరునామాకు పంపాలో తెలియక సంతకం చేసిన చేతికి పంపుతున్నాము. సలహా ఇచ్చిన నోరు వేరే చోట ఉంది.

వక్ఫ్ చట్టాన్ని సవాలు చేసే చోటు సుప్రీంకోర్టు. అక్కడ 2025 సెప్టెంబరు 15న వచ్చిన మధ్యంతర ఉత్తర్వు చట్టాన్ని మొత్తంగా ఆపలేదు. అయితే ఐదేళ్లుగా ఇస్లాం ఆచరిస్తున్నట్లు చూపాలన్న షరతును నియమాలు రూపొందే వరకు నిలిపింది. వక్ఫ్ ఆస్తి ప్రభుత్వానిదా కాదా అన్నది ప్రభుత్వ అధికారే తేల్చే ఏర్పాటును ఆపింది. రాష్ట్ర బోర్డులో ముస్లిమేతర సభ్యులు ముగ్గురికి, కేంద్ర మండలిలో నలుగురికి మించరాదని చెప్పింది. పోరాటం అక్కడ నడుస్తున్నది, నడవాలి.

ఇంత గొడవలో మనం సరిగా గమనించని ఒక విషయం ఉంది. నేను ఈ రోజు ధర్మపురికి వచ్చింది ముఖ్యంగా అది చెప్పడానికే. 1995 వక్ఫ్ చట్టానికి 2013లో చేసిన సవరణ 20ఎ అనే సెక్షన్‌ను చేర్చింది. రాష్ట్ర వక్ఫ్ బోర్డు చైర్‌పర్సన్‌పై బోర్డు సభ్యులు కారణాలు రాసి, సంతకాలు చేసి, అవిశ్వాస తీర్మానం పెట్టే అధికారం దానిలో ఉండేది. 2025 సవరణ ఆ సెక్షన్‌ను ఎత్తివేసింది. అంతకుముందు ముస్లిం ఎంపీలు, ఎమ్మెల్యేలు, బార్ కౌన్సిల్ సభ్యులు, ముతవల్లీలు తమలో నుండి కొందరిని బోర్డుకు ఎన్నుకొనేవారు. ఇప్పుడు సభ్యులను రాష్ట్ర ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. తొలగించే అధికారం ప్రభుత్వానికి 20వ సెక్షన్ కింద మునుపటి లాగే ఉంది. కూర్చోబెట్టేదీ వారే, దించేదీ వారే. నాంపల్లి హజ్‌హౌస్‌లో కూర్చొనే బోర్డు ఈద్‌గా భూమిని సరిగా చూడకపోతే, ఖబ్రస్తాన్ హద్దులు కరిగిపోతుంటే, ఆ అధ్యక్షుడు సముదాయానికి జవాబు చెప్పే ఒక్క దారి కూడా మూసుకున్నది. ముస్లిమేతర సభ్యుల సంఖ్య గురించి దేశమంతా మాట్లాడింది. ఈ 20ఎ గురించి ఎన్ని సభల్లో మాట్లాడారు?

అదే చట్టంలో 64వ సెక్షన్ చూడండి. ముతవల్లీని తొలగించాలంటే బోర్డు విచారణ జరపాలి. ఆ నిర్ణయానికి బోర్డు సభ్యులలో మూడింట రెండు వంతుల మెజారిటీ ఉండాలి. రాష్ట్రపతికి 61వ అధికరణ ఇచ్చిన రక్షణకు ఇది చిన్న నమూనాలాగా ఉంది. నిర్దిష్టమైన ఆరోపణ, విచారణ, భారీ మెజారిటీ అన్నీ ఇందులో ఉన్నాయి. ఒక చిన్న దర్గా ముతవల్లీకి కూడా ఇంత న్యాయప్రక్రియను చట్టం ఇచ్చినప్పుడు, లెక్కలు చూపని ముతవల్లీపై గల్లీలో గొణుక్కుంటే ఏం ప్రయోజనం? ఏ సంవత్సరం లెక్క, ఏ దుకాణం కిరాయి, ఏ సర్వే నంబరు అన్నది కాగితం మీద పెట్టి ఇవ్వాలి. "అతను మంచివాడు కాదు" అన్నది ఆరోపణ కాదు. విచారణలో నిలబడేది తేదీ, అంకె, రసీదు.

మన మస్జిదు కమిటీల సంగతి కూడా అడగనివ్వండి. సొసైటీగా రిజిస్టరు చేసుకున్న కమిటీలకు నియమావళి ఉంటుంది. మీలో ఎంతమంది మీ కమిటీ నియమావళి చదివారు? సదర్‌ను తొలగించే నిబంధన అందులో ఉందా? ఉంటే నోటీసు ఎన్ని రోజులు, ఎన్ని ఓట్లు, ఆయనకు జవాబు చెప్పుకొనే అవకాశం ఉందా? కొన్ని చోట్ల ఒకే సదర్ ఇరవై ఏళ్లుగా ఉంటాడు, దించే నిబంధన లేదు కనుక. మరికొన్ని చోట్ల జుమా తరువాత నలుగురు లేచి అరిస్తే అదే రోజు సదర్ మారిపోతాడు, నోటీసు లేదు, విచారణ లేదు. మొదటిది ఎంత అన్యాయమో రెండవదీ అంతే. దేశ రాష్ట్రపతికి 14 రోజుల గడువు, న్యాయవాదిని పెట్టుకొనే హక్కు ఇచ్చిన రాజ్యాంగం క్రింద బతుకుతూ, మన వీధి పెద్దమనిషికి ఒక్క రోజు గడువు కూడా ఇవ్వకపోవడం ఏం పద్ధతి? కమిటీలలో మహిళా సభ్యులు ఎందరు అన్న ప్రశ్న కూడా దీని వెంటే ఉంది, కాని అది మరొక సభకు సరిపడే విషయం.

ఇక్కడికి వచ్చిన న్యాయవాద మిత్రులకు ఒక విన్నపం. సమీప పట్టణాలలోని కమిటీల నియమావళులను తెప్పించి, తొలగింపు నిబంధన లేని వాటికి ఒక నమూనా నిబంధన తయారు చేయండి. రాతపూర్వక ఆరోపణ, పద్నాలుగు రోజుల నోటీసు, వేరే ఇద్దరు ముగ్గురితో విచారణ, సదర్ జవాబు, ఆ తరువాత మొత్తం సభ్యుల లెక్కన మూడింట రెండు వంతుల ఓటు. వక్ఫ్ బోర్డు విషయంలో 20ఎ సెక్షన్‌ను తిరిగి చేర్చాలన్న కోరికను కూడా సుప్రీంకోర్టులో వాదిస్తున్న వారి దృష్టికి, పెద్దపల్లి పార్లమెంటు సభ్యుడి దృష్టికి విడివిడిగా రాతపూర్వకంగా పంపండి. ఆ విన్నపంపై సంతకాల కాగితం తలుపు దగ్గర బల్ల మీద ఉంది.